బొరుగుల కొట్టు అనే పొద

సోమవారం

మేఘాల ఆఫీసు వాళ్ళు రోజూ ఏదో ఒకటి రాయమన్నారు, రాస్తున్నాను. బేరాల మధ్యలో మీరిచ్చిన మీటల పలక మీద టకటకా కొడుతున్నాను కాబట్టి తప్పులుంటే మీరే సర్దుకోండి. నా పేరు మద్దిలేటి. రాళ్ళదిన్నెలో బొరుగుల కొట్టు నాది. మీరు మరమరాలనే బొరుగులు, సబ్బులు, చీపుర్లు, కొబ్బరితాళ్ళు, గొడుగులు అన్నీ ఉంటాయి. గొడుగులు ఎండకే. మా ఊళ్ళో వాన పడి చాలా ఏళ్ళయింది.

నిన్న మీటింగులో నన్ను సాలీళ్ళ ఇన్‌చార్జిని చేశారు. ఎందుకో చెప్తాను, నవ్వకండి. ఊరిపెద్ద ఓబులయ్య లేచి, "మనూర్లో బూజు అందరికంటే ఎక్కువ యాడుండాది?" అని అడిగాడు. అందరూ నా కొట్టు వైపు చెయ్యి చూపించారు. మా వదిన హనుమక్క అయితే రెండు చేతులూ చూపించింది. మా ఆవిడ సుంకులమ్మకు సొంత అక్క ఆవిడ. ఆవిడ బూజుకర్ర తగలని మూల ఈ ఊళ్ళో ఒక్క నా కొట్టే.

మీ షరతు నాకు అర్థమైనట్టు రాస్తున్నా, తేడా ఉంటే చెప్పండి. సముద్రం నుంచి మీరు తాడు కట్టి లాక్కొచ్చే మేఘాల్లో మా వైపుకు వచ్చేది ఏడాదికి ఒకటే. మేమూ, పక్కన పూలదిన్నె వాళ్ళూ దానికి పోటీ. ఏ ఊళ్ళో ఎక్కువ రకాల సాలీళ్ళుంటే ఆ ఊరికి మేఘం. లెక్కపెట్టడానికి మీ లెక్కలపిట్ట వస్తుంది. ఎక్కువ రకాలు ఎక్కడ దొరికితే అక్కడ గుర్తు పెడుతుంది, సరిగ్గా ఆ గుర్తు మీదే మేఘం నిలబడుతుంది.

సాలీళ్ళే ఎందుకని ఓబులయ్య ఫోన్లో అడిగితే మీ గుమాస్తా అన్నాడట: "సాలీడుందంటే దానికి తిండుంది. తిండుందంటే చెట్టూచేమా ఉంది. చెట్టూచేమా ఉందంటే నేల ఇంకా చావలేదు. చచ్చిన నేల మీద మేఘం పొయ్యం."

న్యాయమే. కానీ ఈసారి కూడా మాకు రాకపోతే ఊరు ఎత్తేస్తామన్నారు. అందర్నీ సముద్రం పక్క ఎత్తు మేడల్లోకి తోలుతారట. అక్కడ మీట నొక్కితే గోడలోంచి బొరుగులు రాలతాయట. గోడే బొరుగులు పోస్తుంటే ఇంక మద్దిలేటి ఎందుకు?

గురువారం

ఊరంతా వెతికాను. మూడే రకాలు దొరికాయి, మూడూ నా కొట్లోనే. కప్పు కింద పొడుగుకాళ్ళ బూజు సాలీడు, గోడ మీద గెంతే చిన్నది, దేవుడి పటం వెనక పల్చగా అతుక్కుపోయేది. కప్పు రేకుకు చిల్లులున్నాయి, దీపం వెలుతురుకు పురుగులొస్తాయి, అందుకే ఇవి ఉన్నాయి. వానే లేని ఊళ్ళో కప్పుకు చిల్లులుంటే ఎవరికి నష్టం?

మరి వీధుల్లో ఎందుకు లేవు? ఎప్పుడో ఎవరో 'అందమైన ఊరు' పథకమని వీధి పొడవునా ఒకే రకం పొద నాటించారు. అప్పట్నుంచి దాన్ని లడ్డూల్లా గుండ్రంగా కత్తిరిస్తూ వస్తున్నాం. వంగి వంగి చూసి నా నడుం పట్టేసింది కానీ ఒక్క పొదలో ఒక్క దారం లేదు.

"యాడ కట్టుకోమంటావు గూడు?" అంది సుంకులమ్మ. "లోపలికి వేలు పెట్టను సందు లేదు. దండెం కట్టల్లంటే ఈపక్క ఒక మేకు, ఆపక్క ఒక మేకు ఉండల్ల కదా. నున్నని గోడకు దండెం కడతావా నువ్వు?"

నిజమే అనిపించింది. సాయంత్రం ఇద్దరం ఊరవతల ఎండిన వంక దాకా నడిచాం. అక్కడ ఎవరూ కత్తిరించరు, ఎవరూ ఊడ్వరు. ఏం చెప్పమంటారు, అదొక బజారు! సర్కారు తుమ్మ కొమ్మల మధ్య పళ్ళెమంత వల. నడుమ పసుపు నలుపు చారలది కాళ్ళు రెండేసి చొప్పున కలిపి ఇంటూ గుర్తులా చాచి, పంచాయితీ పెద్దమనిషిలా తలకిందులుగా కూర్చుంది. దానికి 'ఇంటూ దొర' అని పేరు పెట్టాను. నాగజెముడు మట్టల మధ్య గుడారం వేసుకున్నది ఇంకొకటి. బోదగడ్డి దుబ్బులో గరాటులాంటి వల, ఆ గరాటు నోట్లోంచి ఎదురింటి అత్తలా తొంగి చూసేది ఒకటి. తంగేడు పూలల్లో అచ్చం పూలరంగుదే, పీతలా పక్కకు నడుస్తుంది. రేగు కంపలో మాత్రం ఉమ్మడి కుటుంబం. గోనెసంచి చింపి వేలాడేసినట్టు గూడు, లోపల వందలకు వందలు. ఈగ ఒకటి పడిందో లేదో, పెళ్ళి పంక్తికి పిలుపొచ్చినట్టు అన్నీ లేచొచ్చాయి.

"మా పుట్టింట్లో మాదిరే ఉండాది," అంది సుంకులమ్మ.

వ్యాపారం చేసేవాణ్ణి కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. బజ్జీల బండివాడు బస్టాండు చూసుకుంటాడు, మంగలి నీడ చూసుకుంటాడు. వీటిదీ అంతే. ముల్లు కావాల్సినదానికి ముల్లు, గడ్డి కావాల్సినదానికి గడ్డి, బెరడు కావాల్సినదానికి బెరడు. మన ఊళ్ళో ఒకే రకం ఇల్లు కట్టి, దానికీ తలుపు పెట్టకుండా, ఎవరూ అద్దెకు రాలేదని ఏడిస్తే ఎట్లా?

సోమవారం

మీటింగు. కత్తెర్లు దాచేయమన్నాను. మేకల పెంటలో తుమ్మగింజలు, రేగుగింజలు బోలెడు ఉంటాయి, వీధంతా చల్లుదామన్నాను. గిన్నెలు తుడిచిన తడిగుడ్డలు పిండేది వాటి మీదే పిండమన్నాను. మా ఊళ్ళో నీళ్ళ రేషన్ తడిగుడ్డల్లోనే వస్తుంది కదా, ఆ కడపటి పిండుడు వాటికన్నమాట.

వదిన ఊరుకుంటుందా!

"ఇంటి ముందర ముళ్ళకంప పెంచల్లనా? పొద్దున్నే లేసి ముగ్గు యాడ ఎయ్యాల మరిదీ? ఆ గరాటుదాని మొగాన ఎయ్యాల్నా?"

"గోడలోంచి బొరుగులొచ్చే మేడలో ముగ్గెయ్యను వాకిలి కూడా ఉండదు వదినా."

వాకిలి లేకపోవడమనేది ఆవిడ ఊహించలేదు. "సరే, పెంచండి. మేఘం వచ్చిపోయినాక మాత్రం ఊరంతా నేనే దులుపుతా, ఎవురూ అడ్డం రాగూడదు," అంది. ఒప్పుకున్నాం.

గాలుల కాలం, ఏదో ఒక వారం

కొన్నాళ్ళు రాయలేదు. మీ గుమాస్తా కోప్పడ్డాడు. ఏం చేయను, సాలీళ్ళకు అద్దె ఇళ్ళు చూపించే పనిలో పడ్డాను.

ఊరు ఇప్పుడు చూడాలి మీరు. ఓబులయ్య అరుగు పక్కన తుమ్మ నిటారుగా లేచింది, ఇంటూ దొర వచ్చి దిగాడు. బడి గోడ పక్కన బోదగడ్డి, నాలుగు గరాట్లు. రేగు కంప మా పెరట్లోనే మొలిచింది, ఉమ్మడి కుటుంబం సామానుతో సహా వచ్చేసింది. రాళ్ళ కింద పిల్లలను వీపున మోసుకు తిరిగే తల్లి సాలీడు ఉంది, దాన్ని చూసి ఊళ్ళో ఆడవాళ్ళందరూ అయ్యో అన్నారు. వదిన కూడా అంది, ఎవరూ చూడలేదనుకొని.

సరిహద్దు రాయి దగ్గర కొండప్ప కలిశాడు. పూలదిన్నెలో నాలాగే కొట్టు పెట్టుకున్నవాడు, నాలాగే ఇన్‌చార్జి.

"ఏం బావా, ఊరంతా కంప పెంచినావంట? మీ ఊరికి పిల్లనియ్యాలంటే చెప్పుల్లేకుండా వచ్చే దారి ఉండాదా?"

"మీ ఊర్లో పిట్ట ఎన్ని లెక్కపెట్టిందప్పా?"

"పదకొండు బావా!" అని చేతివేళ్ళు చాలక కాలి బొటనవేలు కూడా ఎత్తి చూపించాడు. వాళ్ళ ఊరి వెనక గుట్ట ఉంది, దాన్నెవరూ ముట్టుకోరు, అదే వాళ్ళ అదృష్టం.

నేను ఇంటికొచ్చి లెక్కేసుకున్నాను. అన్నీ నిలబడితే మాకు పన్నెండు. ఒక్కటంటే ఒక్కటే ఎక్కువ.

బుధవారం

ఆదివారం పిట్ట వస్తుందని కబురు. ఓబులయ్య దండోరా వేయించాడు: "అతిథి వస్తాండాది, ఊరంతా తయారుగా ఉండండి!" కొట్లో బొరుగులు నిండుకున్నాయి. సుంకులమ్మా నేనూ గాలిబండి తెరచాప ఎత్తి బట్టీకి బయల్దేరుతున్నాం. ఇసుక మీద గాలి బాగుంటే శనివారానికి వచ్చేస్తాం. కొట్టుకు ముందర తాళం, ఇంట్లోంచి కొట్లోకి పోయే తలుపుకు ఇంకో తాళం వేశాను. రెండు చెవులూ నా మొలతాడుకే ఉన్నాయి.

శనివారం

ఇది రాయడానికి నాకు చేతులు రావడంలేదు.

సాయంత్రం ఊళ్ళోకి రాగానే దారి తప్పానేమో అనుకున్నాను. మా ఊరు మా ఊరులా లేదు. అద్దంలా ఉంది. ఇంటింటికీ సున్నం, గుమ్మాలకు పసుపు, వీధి పొడవునా రథం ముగ్గు. ఒక్క ముల్లు లేదు. ఒక్క గడ్డిపోచ లేదు. తుమ్మ లేదు, జెముడు లేదు. రాళ్ళు కూడా ఏరి వరసగా పేర్చి వాటికీ సున్నం కొట్టారు.

ఓబులయ్య కొత్త పంచె కట్టుకొని ఎదురొచ్చాడు. "ఎట్లుండాది మద్దిలేటీ? నువ్వొచ్చేలోపల అంతా అయిపోవల్లని మూడు దినాలు ఎవురూ నిద్రపోలేదప్పా!"

"పొదలేవి ఓబులన్నా?"

"కొట్టేసినాం. అతిథి వస్తా ఉంటే వాకిట్లో ముళ్ళకంప పెట్టుకుంటామా ఎవురన్నా?"

"ఆ అతిథి వచ్చేదే ముళ్ళకంప చూడను కదన్నా!"

ఓబులయ్య తన అరుగు పక్కన తుమ్మ ఉన్న చోటు వైపు తిరిగి చూశాడు. వెనకాల పండగ చీరలు కట్టుకొని నవ్వుతూ నిలబడ్డ జనం ఒక్కొక్కరే నవ్వు ఆపేశారు. ఆ విషయం ఊరందరికీ తెలుసు. ఆరు నెలలుగా తెలుసు. కానీ 'అతిథి వస్తాండాది' అన్న మాట చెవిన పడగానే ఊరందరి చేతులూ చీపురు కోసం వాటంతటవే పోయాయి. మా వాళ్ళు అంతే. కరెంటు రీడింగు తీసేవాడొచ్చినా ముందు మంచం మీద దుప్పటి మారుస్తారు.

"నేను చెప్పింటి," అన్నాడు వెనకనుంచి ఒకాయన.

"నువ్వే కదరా సున్నం కలిపింది!" అని ఇద్దరు ముగ్గురు అరిచారు.

వదిన మాత్రం తల వంచుకొని నా దగ్గరకు వచ్చింది. "మేఘం వచ్చిపోయినాకనే దులుపుతానంటి కదా మరిదీ. ఆ పొద్దు ఎందుకో గుర్తు రాలేదు. కర్ర చేతిలోకి వస్తే నాకు ఏమీ గుర్తుండదు." కళ్ళు తుడుచుకుంది. "నీ కొట్టు ఒగటే మిగిలింది, తాళం ఉండె. నువ్వొస్తే తీపిచ్చి దులపల్లని కర్ర ఆడనే వాకిట్లో ఆనించి పెట్టినా."

కొట్టేసిన కంపంతా రేపటి విందులో బజ్జీలు వేయడానికి పొయ్యిలోకని మా కొట్టు వెనకగోడకు ఆనించి కప్పు దాకా పేర్చారు. నేను పోయి పడుకున్నాను. బొరుగుల మూటలు బండిలోంచి దింపి ఇంట్లో పెట్టింది సుంకులమ్మే.

ఆదివారం

పొద్దున్నే సుంకులమ్మ కేక వేసింది. బొరుగులు సర్దుదామని నా దగ్గర తాళంచెవి తీసుకొని, ఇంట్లోంచి కొట్లోకి పోయే తలుపు తీసింది. మూటలు లోపలికి దొర్లించి, తాను మాత్రం గడప మీదే ఆగిపోయింది.

"ఏమయ్యా, ఈడ చూడు. అంతా ఈడికే వచ్చినారు."

కొట్లో నిలబడే జాగా లేదు. అంటే ఉంది, కానీ కదిలితే ఎవరి ఇల్లో తెగుతుంది. ఎండిపోతున్న కంపలోంచి కప్పు చిల్లుల గుండా అందరూ లోపలికి దిగి, ఎవరికి నచ్చిన సరుకు వాళ్ళు పట్టుకున్నారు. అమ్మకానికి పెట్టిన చీపురు కట్టల్లో గరాట్లు! బోదగడ్డి పోతే చీపురు గడ్డి. ఊరు ఊడ్చిన చీపుర్లకు అక్కచెల్లెళ్ళు ఇవి, మళ్ళీ వీటిలోనే కాపురం. విప్పి వేలాడదీసిన గొడుగు ఊచల మధ్య గుడారం. కొబ్బరితాడు చుట్టల్లో ఉమ్మడి కుటుంబం, అప్పటికే గోనెపట్టా అల్లేసింది. తలుపు చెక్కకు అతుక్కొని వేపబెరడు రంగుది. తూకం రాళ్ళ వెనక పిల్లల తల్లి. కరివేపాకు రెబ్బ మీద ముళ్ళకాళ్ళ పచ్చది. గుడారం మూలలో ఇంకొకరి వలలో ఉంటూ వాళ్ళ తిండే తినే బుల్లి వెండిరంగుది, దాన్ని చూసి సుంకులమ్మ, "ఇది మీ తమ్ముని మాదిరుండాది," అంది.

ఇంటూ దొర మాత్రం లోపల లేడు. వాకిలి తలుపు సందులోంచి చూశాను. బయట వదిన ఆనించిన బూజుకర్రకూ గుమ్మానికీ మధ్య ఇంత పెద్ద వల, నడుమ దొర.

అప్పుడే బయట మేళం మోగింది. పిట్ట దిగింది. ఇంటి గుమ్మంలోంచి పరిగెత్తాను. పిట్ట అంటే కొంగంత ఉంది, ఇనుపరెక్కలు. ఓబులయ్య తంగేడుపూల దండ వేశాడు. నిన్న కొట్టేసిన పూలతో వదిన కట్టిన దండ.

"నమస్కారం," అంది పిట్ట. "దయచేసి దండ తీసివేయవలెను. నాకు మెడ లేదు. ఆగండి. తీయవద్దు. మొదటి రకము నా మీదనే ఉన్నది."

దండలోంచి పసుపుపచ్చ పీత ఒకటి పక్కకు నడిచింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. నేను కొట్టు కప్పు వైపు చూపించాను. పిట్ట రెక్కలు ముడుచుకొని చిల్లులోంచి లోపలికి దిగింది. లోపల్నుంచి ఒక్కో రకం పేరూ, దాని అంకే వినిపిస్తున్నాయి. ఉమ్మడి కుటుంబం దగ్గర ఓబులయ్య ఊరుకోలేకపోయాడు.

"సామీ, ఆడ మూడు నాలుగు వందల మందుంటారు కదా, ఒగటేనా?"

"రకము ఒకటి," అంది పిట్ట.

"రేషన్ కార్డు మాదిరే చేస్తాండారే!"

అప్పుడు చూశాను. వదిన వాకిట్లో బూజుకర్ర మీద చెయ్యి వేసింది. ఊరంతా వచ్చిన చోట గుమ్మానికి వల కనిపించేసరికి చెయ్యి దానంతటదే పోయింది పాపం. కర్ర నేల నుంచి లేచింది.

"వదినా! కదలొద్దు!"

వదిన రాయిలా ఆగిపోయింది. కర్ర కింద ఆనుకున్న రాయి దొర్లిపోయింది, ఇప్పుడు వదిలితే కర్ర పడుతుంది, వల చినుగుతుంది. కర్ర చేత్తో పైకెత్తి పట్టుకొని, గుడి ముందర ధ్వజస్తంభంలా నిలబడింది.

లోపల పిట్ట "తొమ్మిది" అంది.

"మరిదీ, చెయ్యి నొస్తాంది."

"కొంచెంసేపు వదినా."

"పది."

"మరిదీ, ఇది నా చేతి మీదికి దిగుతాంది."

"దిగనీ. కరవదు."

"నువ్వు దాన్ని అడిగినావా?"

నిజంగానే దొర వల మధ్యలోంచి లేచి, కర్ర వెంబడి మెల్లగా వదిన వేళ్ళ దాకా వచ్చాడు. జీవితమంతా సాలీడు కనిపిస్తే కర్ర తీసుకున్న మనిషి. కళ్ళు గట్టిగా మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి, దేవుణ్ణి తలుచుకుంటుందో నన్ను తిడుతుందో తెలియదు. కర్ర మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. సుంకులమ్మ పోయి అక్క మోచేతి కింద తన భుజం పెట్టింది.

"పదకొండు," అంది పిట్ట, చిల్లులోంచి బయటికి వస్తూ. "లెక్క ముగిసినది. పూలదిన్నెతో సమానము. సమానమైనచో కిందటి ఏటి ఊరికే..."

"ముగియలేదు!" ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. "ఈడ! ఈడ చూడు!"

పిట్ట వదిన ముందుకు వచ్చి గాల్లో నిలబడింది. కర్రను చూసింది, వేళ్ళను చూసింది, వేళ్ళ మీద ఇంటూలా కాళ్ళు చాచిన దొరను చూసింది.

"పన్నెండు."

వదిన కళ్ళు తెరవకుండానే, "ఇంగ దులపొచ్చునా?" అంది.

అరుపుల్లో పిట్ట అడిగింది నేనూ, పక్కనే ఉన్న ఓబులయ్యా మాత్రమే విన్నాం. "గుర్తు పెట్టవలెను. ఈ స్థలమును ఏమని రాయాలి? నా దగ్గర చెట్టు, పొద, గడ్డి, రాయి మాత్రమే ఉన్నవి. కొట్టు లేదు."

"పొద అని రాసుకో సామీ," అన్నాడు ఓబులయ్య.

నేనూ తలూపాను. ఆ సంతోషంలో దాని అర్థం ఏమిటో నాకు తట్టలేదు.

మేఘం వచ్చిన రోజు

మేఘాన్ని దూడలా తాడు కట్టి తెచ్చారు. ఊరి మీదికి తెచ్చి, గుర్తు చూసుకొని, సరిగ్గా నా కొట్టు మీద నిలబెట్టారు.

"అయ్యా, కొంచెం ఆపక్కకు," అని నేను పైకి చూసి చేతులూపాను. తాడు పట్టుకున్నాయన కాగితం చూసి, "పొద అని ఉంది," అన్నాడు.

మొదటి చినుకు కప్పు రేకు మీద టంగుమంది. రెండోది చిల్లులోంచి లోపలికి దిగింది. ఆ తర్వాత చిల్లులన్నీ ఒకేసారి కుళాయిలయ్యాయి. సాలీళ్ళు గొడుగు కిందికి, చూరు కిందికి, చీపురు కట్టల లోపలికి సర్దుకున్నాయి, వాటికి బతకడం తెలుసు. బొరుగుల మూటలకు తెలియదు కదా. బట్టీ నుంచి తెచ్చిన మూటలన్నీ కళ్ళముందే నానిపోయాయి. కొట్టు గడప మీంచి నీళ్ళు పొర్లి, సున్నం కొట్టిన రాళ్ళ మధ్యగా, రథం ముగ్గును కలుపుకొని, ఊరి గుంటలోకి పారాయి. జనం వానలో ఎగురుతున్నారు. నేను గడప మీద కూర్చొని మూటల వంక చూస్తున్నాను.

వదిన వచ్చి మూటలో చెయ్యి పెట్టింది. పిడికెడు తీసి పిండింది. నీళ్ళు కారిపోయి మెత్తగా ముద్దయింది.

"ఏడుస్తాండావా తిక్కోడా?" అంది. "ఉగ్గాని చెయ్యల్లంటే బొరుగులు నీళ్ళల్లో నానేస్తారా లేదా? ఇన్నేండ్లుగా తడిగుడ్డ పిండుకోని గరిటెడు చేసుకున్నాం. ఈ పొద్దు మేఘమే నానేసింది. లెయ్! పొయ్యి యాడ పెట్టల్ల?"

కంప ఉంది కదా వెనకగోడ దగ్గర, అడుగుది తడవలేదు. ఊళ్ళో ఉన్న పెనాలన్నీ వచ్చాయి. పిండేవాళ్ళు పిండారు, ఉల్లిపాయలు తరిగేవాళ్ళు తరిగారు, ఓబులయ్య కొత్త పంచెతోనే మిరపకాయ బజ్జీలు వేశాడు. కొండప్ప కూడా వాసన పట్టుకొని సరిహద్దు దాటి వచ్చాడు. చెప్పులు లేకుండానే వచ్చాడు, ముళ్ళు లేవు కదా.

"ముల్లే లేని ఊరికి మేఘమెట్లా వచ్చింది బావా?" అని అడిగాడు నోట్లో బజ్జీ పెట్టుకొని.

"మా ఊర్లో ఒకటే పొద ఉండాదిలే," అన్నాను.

వదిన ఉగ్గాని రుచి చూసి ఉప్పు తక్కువైందని తిట్టింది. తర్వాత కొట్లోకి తొంగి చూసి, ఆ బూజంతా, ఆ చీపుర్లలో గరాట్లన్నీ చూసింది. కర్ర వాకిట్లోనే ఉంది, కింద రాయి మళ్ళీ ఆవిడే సరిచేసింది. ఒప్పందం ప్రకారం ఈ రోజు నుంచి ఎవరూ అడ్డం రాకూడదు.

"దులపాల వదినా?" అని అడిగాను.

"ఈ పొద్దు వద్దులే," అంది. "తిన్న చేతులు."

మేఘాల ఆఫీసు వారికి మనవి: పేరు మార్చి 'కొట్టు' అని రాయొద్దు, పొద అనే ఉంచండి. కప్పు రేకు మాత్రం వచ్చే ఏడు కూడా నేను మార్చను.